మెన్నోనైట్ గోడ గడియారాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నాగర్‌కర్నూలు. తాతల కాలం నుంచీ మెన్నోనైట్ బ్రదరెన్ చర్చి కుటుంబం. మెన్నోనైట్ క్రైస్తవుల్లో అదొక శాఖ. ఉద్యోగం కోసం కెనడాలోని విన్నిపెగ్ వచ్చి ఇక్కడే ఉండిపోయాం. మేం మొదట అద్దెకు దిగిన ఇంటి పక్కన ఎనభై దాటిన ఒక పెద్దావిడ ఉండేవారు. వీధిలో అందరూ ఆమెను ఓమా అని పిలిచేవాళ్లు. జర్మన్‌లో అమ్మమ్మ అన్నా నాయనమ్మ అన్నా అదే మాట. ఆమె ముందుగదిలో గోడకు ఒక గడియారం వేలాడేది. దానికి పెట్టె లేదు, అద్దం లేదు. రేకు డయల్ నిండా పువ్వులు, దాని కింద బారెడు లోలకం, పక్కన ఇత్తడి గుండ్లు. అలాంటిది నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. ఆ గడియారాన్ని కాపాడుకోవడానికి ఓమాకి సాయం చేస్తూ నేర్చుకున్నదీ, తర్వాత మరికొందరి ఇళ్లలో చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. మన చర్చి పిల్లలు, ఇక్కడి తెలుగు స్నేహితులు పదే పదే అడిగే ప్రశ్నలే ఇవన్నీ.

మెన్నోనైట్లు అంటే ఎవరు?

1525లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో మొదలైన ఒక క్రైస్తవ ఉద్యమం నుంచి వచ్చినవాళ్లు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదు, ఊహ తెలిసి నమ్మినవాళ్లకే ఇవ్వాలి అన్నారు. ఆయుధం పట్టం అన్నారు. అందుకు వాళ్లను తరిమారు, చంపారు. హాలండ్ ప్రాంతంలో వాళ్లను కూడగట్టిన మెనో సైమన్స్ అనే మాజీ పూజారి పేరు మీద మెన్నోనైట్లు అయ్యారు.

హాలండ్ వైపు నుంచి చాలామంది 16వ శతాబ్దంలోనే విస్తులా నది డెల్టాకు వెళ్లారు. అది డాన్‌జిగ్ నగరం చుట్టుపక్కల ప్రాంతం. ఆ నగరాన్ని ఇప్పుడు గ్దాన్‌స్క్ అంటున్నారు, పోలండ్‌లో ఉంది. బురద నేలకు గట్లు కట్టి పొలాలు చేశారు. తర్వాత రష్యా రాణి రెండో కేథరిన్ భూములిస్తాం, సైన్యంలో చేరమని అడగం అంటే 1789లో ఇప్పటి ఉక్రెయిన్‌లోని నీపర్ నది ఒడ్డుకు వెళ్లి ఖోర్టిట్సా అనే కాలనీ కట్టుకున్నారు. 1804లో అక్కడికి దక్షిణాన మోలోచ్నా కాలనీ మొదలైంది. గడియారాలకు పేరొచ్చింది ఈ రెండు కాలనీల్లోనే.

వీటిని ఎవరు తయారుచేసేవాళ్లు?

అందరూ ముందు చెప్పే పేరు క్రోగర్. ఖోర్టిట్సా కాలనీలో రోజెంతాల్ అనే ఊరు వాళ్లది. ప్రష్యాలోనే, అంటే డాన్‌జిగ్ వైపు ఉన్నప్పుడే, గడియారాల పని తెలిసిన కుటుంబం. కొత్త దేశం వచ్చాక కొడుకులు, మనవళ్లు అదే పని పట్టుకుని తరతరాలుగా చేశారు. ఆ పేరు ఎంత స్థిరపడిందంటే, ఎవరు చేసిన మెన్నోనైట్ గోడ గడియారాన్నయినా జనం క్రోగర్ గడియారమే అనేస్తారు. నిజానికి మాంట్లర్, లెప్, హామ్, హిల్డెబ్రాండ్ లాంటి ఇతర పనివాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పేర్లు కనుమరుగు కాకుండా చూడటం కూడా ఈ వారసత్వ పనిలో భాగమే.

లెప్ గురించి ఒక మాట చెప్పాలి. పీటర్ లెప్ గడియారాల పని నేర్చినవాడు. ఆయన పెట్టిన చిన్న వర్క్‌షాపు పెరిగి పెరిగి లెప్ అండ్ వాల్మన్ అనే పెద్ద వ్యవసాయ యంత్రాల కంపెనీ అయింది. గింజలు నూర్చే యంత్రాలు, కోత యంత్రాలు చేసింది. ఆలోచిస్తే వింతేం లేదు. ఇత్తడి పళ్లచక్రాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా కోయగలిగిన చెయ్యి ఇనప చక్రాన్ని కోయలేదా? గడియారాల కొట్టు ఆ ఊళ్లకు ఒకరకంగా ఇంజనీరింగ్ కాలేజీ.

పల్లెటూళ్లో రైతులకు ఈ నైపుణ్యం ఎక్కడిది?

డాన్‌జిగ్ లాంటి నగరాల్లో మెన్నోనైట్లకు చాలాకాలం పౌరసత్వం ఇవ్వలేదు, వృత్తి సంఘాల్లోకి రానివ్వలేదు. సంఘంలో సభ్యుడు కాకపోతే నగరంలో ఆ వృత్తి చేసుకోనివ్వరు. దాంతో చేతిపనులు తెలిసినవాళ్లు ఊరి బయటి పేటల్లో, పల్లెల్లో బతికారు. పగలు పొలం, చలికాలం పొడుగునా కొట్టంలో పని. ఆ ప్రాంతాల్లో చలికాలం ఎంత పొడుగో మనకు ఊహకందదు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు నాకు తెలిసొచ్చింది.

గడియారం చూడటానికి ఎలా ఉంటుంది?

ఓమా ఇంట్లోది చెబుతాను. డయల్ ఇనప రేకు. పైభాగం కాస్త వంపు తిరిగి ఉంటుంది. దాని మీద రంగు వేసి, మూలల్లో పువ్వుల గుత్తులు, మధ్యలో అంకెల వలయం. కొన్నింటికి రోమన్ అంకెలుంటాయి. రేకు వెనక యంత్రం. అందులో ఇత్తడి చక్రాలు ఉంటాయి. అది గోడకు ఆనుకుని ఉంటుంది కాబట్టి ముందు నుంచి కనిపించదు. కింద లోలకం, దాని చివర ఇత్తడి బిళ్ల. గొలుసులకు ఇత్తడి గుండ్లు. కొన్నింటికి గంట కొట్టే ఏర్పాటు, కొన్నింటికి అలారం కూడా ఉంటాయి. రోజూ ఒకసారి గొలుసు లాగి గుండును పైకి ఎత్తాలి. అంతే. తాళంచెవి పెట్టి కీ ఇచ్చే పని లేదు.

ఆ ఇళ్లలో ఆడంబరం తక్కువ. చర్చి గోడలు కూడా తెల్లగా, బొమ్మలు లేకుండా ఉంటాయి. అలాంటి ఇంట్లో ముందుగదిలో ఇంత రంగురంగుల వస్తువు పెట్టుకోవడం నాకు భలే నచ్చింది. పెళ్లికి కానుకగా ఇచ్చేవాళ్లు. అందుకే కొన్నింటి మీద పేరులోని మొదటి అక్షరాలు, సంవత్సరం కనిపిస్తాయి.

లోపల ఏం జరుగుతుంది?

గుండు కిందకు దిగాలని చూస్తుంది. గొలుసు చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకోదాన్ని తిప్పుతుంది. ఇలాగే వదిలేస్తే గుండు చరచరా కిందకు జారిపోతుంది. దాన్ని ఆపేది చివరి చక్రం మీద ఉండే లంగరు ఆకారపు ముక్క. లోలకం ఒక వైపు ఊగినప్పుడు లంగరు ఒక పన్నును వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటుంది. టిక్. ఇటు ఊగినప్పుడు మళ్లీ వదిలి పట్టుకుంటుంది. టక్. పన్ను జారే ఆ క్షణంలో లంగరును చిన్నగా తోస్తుంది. లోలకం ఆగిపోకుండా ఆ తోపే కాపాడుతుంది. అంటే గుండు నుంచి లోలకానికి బలం, లోలకం నుంచి గుండుకు క్రమశిక్షణ.

స్ప్రింగుతో నడిచే గడియారంలో కీ ఇచ్చిన రోజు బలం ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. గుండు బరువు మాత్రం పైన ఉన్నా కింద ఉన్నా ఒకటే.

టైమ్ కరెక్టుగా చూపిస్తుందా?

బాగా చూసుకుంటే చాలా బాగా చూపిస్తుంది. కాకపోతే దాన్ని కనిపెట్టుకుని ఉండాలి. లోలకం పొడవు మీటరు అనుకోండి. దాని బిళ్ల ఒక్క మిల్లీమీటరు కిందకు దిగితే రోజుకు సుమారు 43 సెకన్లు వెనకపడుతుంది. లోలకం కడ్డీ ఇనపదైతే, గదిలో వేడి 10 డిగ్రీలు పెరిగినప్పుడు కడ్డీ సాగి రోజుకు 5 సెకన్ల దాకా తేడా వస్తుంది.

నాకు చాలా ఇష్టమైన లెక్క ఇంకోటి ఉంది. లోలకం వేగం భూమి ఆకర్షణ మీద ఆధారపడుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆకర్షణ కాస్త తక్కువ. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయెన్ వెళ్లినప్పుడు, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకపడిందని గమనించాడు. ఇప్పుడు మన గడియారాల సంగతి చూడండి. ఖోర్టిట్సా, విన్నిపెగ్ రెండూ భూమధ్యరేఖకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నాయి. కాబట్టి అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చిన గడియారానికి తేడా కొన్ని సెకన్లే. అదే గడియారాన్ని భూమధ్యరేఖకు ఇంకా దగ్గరగా, దక్షిణ అమెరికాలో ఉన్న పరాగ్వేకు తీసుకెళ్లిన కుటుంబానికి అది రోజుకు నిమిషంన్నర వెనక నడిచేది. బిళ్లను రెండు మూడు మిల్లీమీటర్లు పైకి జరిపితే గానీ దారికి రాదు. వలస వెళ్లిన మనిషే కాదు, గడియారం కూడా కొత్త నేలకు సర్దుకోవాల్సి వచ్చింది. నల్గొండకు తెచ్చి ఉంటే తేడా ఇంకాస్త ఎక్కువే.

నల్గొండ ఎందుకొచ్చింది మధ్యలో? తెలుగువాళ్లకు దీంతో ఏం సంబంధం?

సంబంధం ఉంది, అందుకే ఇది తెలుగులో రాస్తున్నాను. మోలోచ్నా కాలనీలోని రూకెనావు అనే ఊరి చర్చి నుంచి అబ్రహాం ఫ్రీజన్, ఆయన భార్య మరియా 1889లో బయల్దేరి నల్గొండ వచ్చారు. రష్యా మెన్నోనైట్ బ్రదరెన్ పంపిన తొలి మిషనరీలు వాళ్లే, వచ్చింది తెలుగువాళ్ల దగ్గరికే. తర్వాత 1899లో అమెరికా వైపు మెన్నోనైట్ బ్రదరెన్ నుంచి నికొలస్ హీబర్ట్ దంపతులు హైదరాబాద్ వచ్చారు. అక్కడి నుంచి నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్, దేవరకొండ, వనపర్తి, గద్వాల, జడ్చర్ల, షంషాబాద్ ఇలా పాలమూరు, దాని చుట్టుపక్కల అంతా చర్చీలు, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. ఇవాళ ప్రపంచంలోని పెద్ద మెన్నోనైట్ సంఘాల్లో మన తెలుగు సంఘం ఒకటి. సభ్యులే లక్షకు పైగా ఉంటారు.

మా నాయనమ్మకు ప్రార్థన నేర్పిన దొరసాని ఎక్కడి నుంచి వచ్చిందో మాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. "అమెరికా" అనేవాళ్లు. ఆ అమెరికా వెనక ఒక ఉక్రెయిన్, దాని వెనక ఒక పోలండ్, దాని వెనక ఒక హాలండ్ ఉన్నాయని ఓమా గోడ గడియారం చూశాకే నాకు అర్థమైంది.

ఇంత బరువైన వస్తువును దేశాలు దాటించి ఎలా తెచ్చారు?

పెట్టె లేకపోవడమే కలిసొచ్చింది. గుండ్లు తీసి, లోలకం విప్పి, రేకును యంత్రంతో సహా దుప్పట్లో చుడితే ట్రంకుపెట్టెలో పడుతుంది. ఓమా వాళ్ల నాన్నగారు అలాగే తెచ్చారట, పెళ్లినాటి బొంతలో చుట్టి.

వలసలు మూడు పెద్ద అలల్లో జరిగాయి. 1870ల్లో రష్యా ప్రభుత్వం అందరికీ సైనిక సేవ తప్పనిసరి చేయబోతుంటే దాదాపు 18,000 మంది కెనడాలోని మానిటోబాకు, అమెరికాలో కాన్సస్, దాని చుట్టుపక్కల రాష్ట్రాలకు వచ్చేశారు. విప్లవం, అంతర్యుద్ధం, కరువు చూసినవాళ్లు 1920ల్లో 20,000 మందికి పైగా కెనడా చేరారు. ఓమా కుటుంబం వీళ్లలోదే. మూడోది అన్నింటికన్నా బాధాకరమైనది. 1943లో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతున్నప్పుడు 35,000 మంది దాకా ఉక్రెయిన్ వదిలి పడమటికి బండ్ల మీద, రైళ్ల మీద కదిలారు. వాళ్లలో ఎక్కువమందిని సోవియట్ సైన్యం తిరిగి పట్టుకెళ్లింది. సుమారు 12,000 మంది మాత్రం కెనడా, పరాగ్వే లాంటి చోట్లకు చేరగలిగారు. అలాంటి ప్రయాణంలో కూడా కొందరు గడియారం వదల్లేదు.

ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ఆ ఊళ్లలో వీటిని ఎవరూ చేయడం లేదా?

లేదు. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే విప్లవం, అంతర్యుద్ధంతో కొట్లు మూతపడ్డాయి, ఆస్తులు ప్రభుత్వపరమయ్యాయి. దానికి ముందే ఫ్యాక్టరీల్లో తయారైన చవక గడియారాల పోటీ కూడా ఉంది. ఖోర్టిట్సా ఇప్పుడు జపోరిజియా నగరంలో కలిసిపోయింది. మోలోచ్నా ఊళ్లున్న ప్రాంతం 2022 నుంచి యుద్ధంలో ఆక్రమణలో ఉంది. కాబట్టి మిగిలిన ఆనవాళ్లు చాలామటుకు వలస వెళ్లినవాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి.

మా గడియారం రంగు వెలిసిపోయింది. మళ్లీ పెయింట్ వేయించవచ్చా?

వద్దు. దయచేసి వద్దు. ఈ పేజీలో ఇంకేదీ గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి.

ఈ గడియారాలకు అద్దం ఉండదు కాబట్టి దుమ్ము తుడిచీ తుడిచీ అంకెలు అరిగిపోతాయి. పొయ్యి పొగకు రంగు నల్లబడుతుంది. అందుకని ప్రతి తరంలో ఎవరో ఒకరు మళ్లీ రంగు వేశారు. ఓమా గడియారం డయల్ తెలుపు, గులాబీ పువ్వులు. ఒకరోజు శుభ్రం చేయడానికి దించి, డయల్‌ను పట్టి ఉంచే మేకు తీశాం. మేకు తల కింద గోరంత మేర ముదురు నీలం కనిపించింది. భూతద్దం పెట్టి చూస్తే ఆ నీలం అంచున ఆకుపచ్చ గీత, బహుశా ఒక ఆకు కొస. ఓమా చాలాసేపు దాని మీదే కళ్లు పెట్టి చూశారు. వాళ్లమ్మ ఎప్పుడూ "నీలం గడియారం" అనేదట. ఇంట్లో తెల్లది ఉంటే నీలం అంటుందేంటని పిల్లలందరూ అనుకునేవాళ్లట.

ఇప్పుడు పైరంగు గీకి నీలాన్ని బయటకు తీయాలా? తీయకూడదనే నేను చెబుతాను. తెల్లరంగు వేసింది కూడా ఆ ఇంటి మనిషే, ఆ చేతికీ విలువుంది. మ్యూజియాల్లో రంగు పొరల పని తెలిసిన నిపుణులు ఉంటారు. అంతగా కావాలంటే వాళ్ల చేతే, చిన్న భాగంలో మాత్రమే చూపించుకోవాలి. ఇంకో సంగతి, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. గరుకు కాగితంతో రుద్దితే ఆ పొడి పీలుస్తాం. ఇంట్లో పసిపిల్లలుంటే అసలే వద్దు.

దుమ్ము మాత్రం మెత్తటి పొడి కుంచెతో మెల్లగా దులపవచ్చు. రంగు పెచ్చులు లేస్తుంటే కుంచె కూడా తాకించొద్దు.

ఇత్తడి నల్లబడింది. చింతపండు పెట్టి తోమొచ్చా?

మనింట్లో చెంబుకీ బిందెకీ చింతపండు మంచిదే. గడియారానికి కాదు. పులుపు పైపొరను తినేస్తుంది. పళ్ల సందుల్లో మిగిలిన తడి తర్వాత ఆకుపచ్చగా చిలుము పడుతుంది. షాపులో దొరికే పాలిష్‌ల్లో చాలావాటికి అమ్మోనియా ఉంటుంది, పాత ఇత్తడి రేకు దానికి సన్నగా చిట్లుతుంది.

నేను చూసిన ఒక నష్టం చెబుతాను. తెలిసినవాళ్ల గడియారం ఒక రిపేరు షాపుకు ఇచ్చారు. మంచి ఉద్దేశంతోనే అతను లోలకం బిళ్లను మిషన్ మీద పెట్టి అద్దంలా మెరిపించి ఇచ్చాడు. ఇల్లంతా సంబరపడ్డారు. తర్వాత పాత ఫొటో చూస్తే తెలిసింది, ఆ బిళ్ల మీద రెండు అక్షరాలు, ఒక సంవత్సరం పొడిచి ఉండేవని. ఇప్పుడు చేత్తో తడిమినా తెలియదు. ఎవరి పెళ్లి సంవత్సరమో చెప్పే ఆధారం ఆ బిళ్ల ఒక్కటే.

నూనె ఎప్పుడు, ఎంత వేయాలి?

తక్కువ వేస్తే చాలు, ఎక్కువైతే చేటు. ఇరుసు కొస రంధ్రంలో తిరిగేచోట గడియారాల కోసం అమ్మే నూనె సూదిమొన మీద నిలిచేంత చాలు. చక్రాల పళ్లకు నూనె వేయరు. పళ్లకు జిడ్డుంటే దుమ్ము పట్టి ఆకురాయిలా పనిచేస్తుంది, ఇత్తడిని అరగదీస్తుంది. కొబ్బరినూనె, వంటనూనె, తుప్పు వదిలించే స్ప్రేలు ఏవీ వద్దు. పైగా ఇక్కడి చలికి కొబ్బరినూనె గడ్డకడుతుంది.

నూనె వేసేముందు పాత జిడ్డు పోవాలి. దానికి యంత్రం విప్పాలి, అది తెలిసినవాళ్ల పని.

రిపేరుకు ఇచ్చేటప్పుడు ఏం చెప్పాలి?

మొదటిది, "కొత్తదానిలా చేయండి" అని మాత్రం అనకండి. "నడిచేలా చేయండి, ఉన్నది ఉన్నట్టు ఉంచండి" అనండి.

ఎక్కువగా వచ్చే సమస్య ఇరుసు రంధ్రాలు అరగడం. గుండ్రంగా ఉండాల్సినవి కోడిగుడ్డులా సాగిపోతాయి. చక్రాలు ఒకదానికొకటి దూరమై పళ్లు సరిగ్గా కలవవు, గడియారం ఆగిపోతుంది. సాగిన రంధ్రంలో చిన్న ఇత్తడి బుష్, అంటే గొట్టంలాంటి చిన్న ముక్క, కూర్చోబెట్టడం సరైన పద్ధతి. విరిగిన పన్ను, తెగిన గొలుసు ఏది మార్చినా పాతది పారేయకుండా కవర్లో పెట్టి ఇమ్మని అడగండి. ఏం మార్చారో, ఏ తేదీన మార్చారో ఒక కాగితం మీద రాయించుకోండి. ఎలక్ట్రానిక్ యంత్రం పెట్టి బ్యాటరీతో నడిపిద్దాం అంటే ఒప్పుకోకండి.

ఇల్లు మారుతున్నాం. ఎలా దించాలి, ఎలా తగిలించాలి?

ముందు గుండ్లు తీయండి, ఆ తర్వాతే లోలకం. గుండ్లు ఉండగా లోలకం తీస్తే చక్రాలు అడ్డూ అదుపూ లేకుండా తిరిగి పళ్లు దెబ్బతినొచ్చు. లోలకంతో సహా గడియారాన్ని మోస్తే దాన్ని వేలాడదీసే సన్నటి భాగం విరుగుతుంది. ఏ గొలుసుకు ఏ గుండో దారం కట్టి గుర్తు పెట్టండి.

కొత్త ఇంట్లో మేకు గట్టి చోట కొట్టాలి. ఇక్కడి ఇళ్ల గోడలు అట్టలాంటివి, లోపలి చెక్క నిలువు దొరికేదాకా తట్టి చూడండి. తగిలించాక చెవి పెట్టి వినండి. టిక్‌కూ టక్‌కూ మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. కుంటుతున్నట్టు వినిపిస్తే అడుగు భాగాన్ని వెంట్రుకంత పక్కకు జరపండి. సమానమయ్యేదాకా అలా జరుపుతూ వినడమే. కుంటే గడియారం కొద్దిసేపట్లో ఆగిపోతుంది, జనం పాడైందనుకుంటారు. మరి కిటికీ ఎండ, హీటరు గాలి తగిలే గోడలు వద్దు.

నడిపించాలా, ఆపి ఉంచాలా?

రెండు వాదనలూ ఉన్నాయి. నడిస్తే అరుగుతుంది, మ్యూజియంవాళ్లు చాలాసార్లు ఆపే ఉంచుతారు. ఇంట్లో ఉన్నదాన్ని మాత్రం, లోపల శుభ్రంగా ఉంటే, నడిపించమనే చెబుతాను. రోజూ గొలుసు లాగే మనిషికి దాని బాగోగులు తెలుస్తాయి. ఆపేసిన గడియారం మెల్లగా అటక ఎక్కుతుంది, అటక మీద నుంచి చెత్తబుట్టకు ఎంతో దూరం ఉండదు.

గడియారం కథ ఎలా రాసిపెట్టాలి?

యంత్రాన్ని వందేళ్ల తర్వాత కూడా బాగుచేయొచ్చు. చెప్పే మనిషి పోతే కథను ఎవరూ బాగుచేయలేరు. అందుకని ఇది మొదట చేయండి, రిపేరు తర్వాత.

ముందు, వెనక, పక్కల నుంచి, లోలకం బిళ్ల రెండువైపులా, గుండ్ల అడుగున ఫొటోలు తీయండి. పక్కన స్కేలు పెట్టండి. కనిపించిన ప్రతి అక్షరం, అంకె ఉన్నది ఉన్నట్టు రాయండి, అర్థం కాకపోయినా సరే. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఇది ఎవరి పెళ్లిది? ఏ ఊళ్లో వేలాడింది? ఏ ఓడలో వచ్చింది? రంగు ఎవరు వేశారు? రోజూ గొలుసు లాగే పని ఎవరిది? ఈ ఆఖరి ప్రశ్నకు అందరి మొహాలూ వెలిగిపోతాయి, అడిగి చూడండి. వాళ్లు తమ ప్లౌట్‌డీచ్ భాషలో (ఇళ్లలో మాట్లాడుకునే ఒక రకం జర్మన్) చెబుతామంటే ఆ భాషలోనే చెప్పనివ్వండి, అర్థం తర్వాత అడగొచ్చు.

ఆ కాగితం ఒక కాపీ గడియారం దగ్గర, ఇంకోటి కుటుంబంలో వేరేవాళ్ల దగ్గర, మరోటి ఏదైనా ఆర్కైవ్‌లో ఉండాలి. కాగితాన్ని డయల్ వెనక జిగురుతో అంటించొద్దు.

ఈ పని చేస్తున్న సంస్థలు ఉన్నాయా?

విన్నిపెగ్‌లో క్రోగర్ క్లాక్స్ హెరిటేజ్ ఫౌండేషన్ ఉంది. గడియారాల వివరాలు, వాటి కుటుంబాల కథలు సేకరించడమే దాని పని. మానిటోబాలోని స్టైన్‌బాక్‌లో ఉన్న మెన్నోనైట్ హెరిటేజ్ విలేజ్‌లో పాత ఇళ్లు, గాలిమరతో పాటు ఈ గడియారాలు కూడా చూడొచ్చు. అమెరికాలోనైతే కాన్సస్‌లోని నార్త్ న్యూటన్‌లో కౌఫ్‌మన్ మ్యూజియం ఉంది. మన పాలమూరు మిషన్ కాగితాలు వెతికేవాళ్లకు విన్నిపెగ్‌లోని సెంటర్ ఫర్ మెన్నోనైట్ బ్రదరెన్ స్టడీస్ ఉపయోగపడుతుంది.

అమ్మేయాలనుకుంటే?

మీ ఇష్టం. తప్పేం లేదు. అమ్మేముందు ఆ కాగితం రాసి గడియారంతో పాటే ఇవ్వండి. ముందు బంధువుల్లో ఎవరికైనా కావాలేమో అడగండి. సాధారణంగా ఒక మేనకోడలో, మనవడో కళ్లనీళ్లు పెట్టుకుని తీసుకుంటారు.

ఓమా గడియారం ఇప్పుడు ఎక్కడుంది?

ఆమె పోయాక మనవడి ఇంట్లో ఉంది. అతని ఎనిమిదేళ్ల కూతురు కుర్చీ ఎక్కి రోజూ రాత్రి పడుకోబోయేముందు గొలుసు లాగుతుంది. డయల్ తెల్లగానే ఉంది, రంగు వేయించలేదు. నీలం కనిపించిన చోట మేకు మళ్లీ బిగించేశాం. ఆ మేకు ఏదో, దాని కింద ఏముందో కాగితంలో మూడో వరుసలో రాసి ఉంది. ఓమా మాటల రికార్డింగు నలభై నిమిషాలు వచ్చింది. వెనకాల మొదటి నుంచి చివరిదాకా ఆ గడియారం చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.